పాట మారవచ్చు.. బల్ల చీలకూడదు

ఆదివారం ఆరాధన ఎలా ఉండాలి? పాత కీర్తనల పుస్తకంతోనా, ఫోనులో నేర్చుకున్న కొత్త పాటలతోనా? డోలకు, తాళాలతోనా, కీబోర్డు, ప్యాడ్లతోనా? పాస్టరుగారు తెల్లని అంగీ తొడుక్కోవాలా, మామూలు చొక్కాతో నిలబడితే చాలా? ఇటిక్యాల మొదలుకొని గద్వాల వరకు, కృష్ణ దాటితే వనపర్తి, నాగర్‌కర్నూల్ వరకు పల్లె సంఘాల్లో పెద్దలకూ యువకులకూ మధ్య వినబడే మాటలే ఇవి. కొన్నిచోట్ల మాటలతో ఆగుతాయి. కొన్నిచోట్ల అలకలవుతాయి. ఇంకొన్నిచోట్ల ఒక సంఘం రెండవుతుంది, పాత గుడి ఎదుటే రేకుల షెడ్డులో కొత్త గుడి వెలుస్తుంది.

ఈ తగవులో ఇరుపక్షాలవారూ ప్రభువును ప్రేమించేవారే. పెద్దలు అడిగేది తాతముత్తాతలు ప్రార్థించిన తీరు పోగొట్టుకోవద్దని. యువకులు అడిగేది తమకు అర్థమయ్యే రీతిలో దేవుణ్ణి స్తుతించనివ్వమని. రెండూ న్యాయమైన కోరికలే. మరి తీర్పు చెప్పేదెవరు? సంఖ్య ఎక్కువున్నవారా, కానుక ఎక్కువ వేసేవారా, గొంతు పెద్దగా ఉన్నవారా? మారదగినదేది, మారకూడనిదేది అని తేల్చే కొలబద్ద ఒకటి సంఘానికి ఉండాలి కదా!

ఈ ప్రశ్నతో దాదాపు అయిదు వందల ఏళ్లుగా పెనుగులాడుతున్న క్రైస్తవ శాఖ ఒకటుంది. అదే లూథరన్ సంఘం. అందులోనూ సంప్రదాయవాదులుగా పేరుపడ్డ లూథరన్లు ఆధునిక పోకడల గురించి, ఆరాధన తీరు గురించి చాలా లోతుగా ఆలోచించారు, చాలా ఘాటుగా వాదించుకున్నారు, కొన్నిచోట్ల తప్పటడుగులూ వేశారు. వారి నుంచి మనం నేర్చుకోదగినదేమిటో, జాగ్రత్తపడవలసినదేమిటో ఈ వారం ధ్యానిద్దాం.

మనకూ వారికీ ఏమిటి సంబంధం?

లూథరన్ల గురించి మనకెందుకు అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. 2016లో జోగులాంబ గద్వాల జిల్లాలో చేరేవరకు ఇటిక్యాల మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. ఈ పాలమూరు నేలకు సువార్త ఎక్కువగా బాప్టిస్టు, మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీల ద్వారా వచ్చింది. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టారు. అమెరికా మెన్నోనైట్ బ్రదరన్ వారు 1899 నుంచి నైజాం రాజ్యంలో అడుగుపెట్టి నాగర్‌కర్నూల్, వనపర్తి వంటి చోట్ల కేంద్రాలు నెలకొల్పారు. మొదట అమెరికన్ బాప్టిస్టుల చేతిలో ఉన్న గద్వాల కేంద్రం కూడా తరువాతి కాలంలో వారి చేతికే వచ్చింది.

ఇక్కడే ఒక విచిత్రమైన బంధం ఉంది. మెన్నోనైట్ల పూర్వికులు పదహారో శతాబ్దపు యూరప్‌లో పసిపిల్లల బాప్తిస్మాన్ని ఒప్పుకోక, విశ్వసించిన తరువాతే బాప్తిస్మం అన్నవారు. లూథరన్లు 1530లో చక్రవర్తి ఎదుట చదివిన ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో వారి బోధను పేరుపెట్టి ఖండించారు. లూథరన్ రాజ్యాల్లో సైతం వారిని హింసించారు, కొందరిని చంపారు. దాదాపు అయిదు శతాబ్దాల తరువాత, 2010 జూలైలో, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగిన లూథరన్ ప్రపంచ సమాఖ్య మహాసభ ఆ హింసకు గాను దేవుణ్ణీ మెన్నోనైట్లనూ క్షమాపణ వేడుకుంది. బాప్తిస్మం గురించిన భేదం అలాగే ఉంది. అయినా సమాధానపడ్డారు. కృష్ణా తీరంలోని మెన్నోనైట్ సంఘాల్లో పెరిగిన మనవారికి ఈ కథ పరాయిది కాదు.

తెలుగు నేలపై లూథరన్ల బాట

తెలుగులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాల్లో లూథర్ రాసిన చిన్న కేటకిజం ఒకటి. మద్రాసులో పనిచేసి స్వదేశానికి తిరిగి వెళ్ళిన బెంజమిన్ షుల్జ్ దాన్ని తెనిగించి 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో అచ్చు వేయించాడు. అంటే మన అచ్చు అక్షరాల చరిత్ర మొదట్లోనే ఇంట్లో కూర్చుని నేర్చుకోవలసిన విశ్వాసపు ప్రశ్నలూ జవాబులూ ఉన్నాయన్నమాట.

తరువాత 1842 జూలై 31న అమెరికా లూథరన్ల మొదటి మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరారు. తెలుగు లూథరన్లు ఆయన్ను ఈనాటికీ ఫాదర్ హయ్యర్ అని పిలుచుకుంటారు. గుంటూరులో, పల్నాడులో ఆయన బడులు పెట్టారు, వైద్యం చేశారు, సువార్త చెప్పారు. ఉత్తర జర్మనీ మిషన్ వారు మొదలుపెట్టిన రాజమండ్రి పని కూడా కొద్ది సంవత్సరాలకే అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. దక్షిణాన నెల్లూరు సీమలోని సూళ్ళూరుపేట, నాయుడుపేట ప్రాంతాల్లో 1865 నుంచి జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ పనిచేసింది. లూథరన్ ఒప్పుకోలును అక్షరాలా పట్టుకున్న సంప్రదాయ మిషన్ అది.

సంప్రదాయవాదం అన్న మాట అమెరికాలో ఎక్కడ వేడెక్కిందో తెలుసుకుంటే, ఆ వేడి మన గోదావరి ఒడ్డుదాకా ఎలా వచ్చిందో తెలుస్తుంది. 1855లో శామ్యూల్ షుముకర్ అనే ప్రసిద్ధ ఆచార్యుడు ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలును కాలానికి తగ్గట్టు సవరించాలన్నాడు. బాప్తిస్మం, ప్రభువు బల్ల గురించిన లూథరన్ బోధను పలుచన చేసి, చుట్టూ ఉన్న ఇతర ప్రొటెస్టెంట్లతో కలిసిపోదామన్నది ఆయన ఆలోచన. చాలామంది ఎదురుతిరిగారు. చార్లెస్ పోర్టర్‌ఫీల్డ్ క్రౌత్ వంటివారు పాత ఒప్పుకోలునే నిలబెట్టాలన్నారు. చివరకు 1867 నాటికి సంఘం రెండు ముక్కలయింది. ఒకవైపు జనరల్ సినడ్, మరోవైపు సంప్రదాయవాదుల జనరల్ కౌన్సిల్.

ఆ చీలిక దెబ్బ రాజమండ్రికి తగిలింది. మనుషులూ డబ్బూ చాలక జనరల్ సినడ్ వారు రాజమండ్రి పనిని ఇంగ్లండు ఆంగ్లికన్ల మిషన్‌కు అప్పగించబోయారు. ఈ సంగతి తెలిసేనాటికి హయ్యర్‌గారికి డెబ్బై అయిదేళ్లు దాటాయి. 1869లో పెన్సిల్వేనియా లూథరన్ల సభలో ఆయన లేచి ఆ పనిని వదులుకోవద్దని వేడుకున్నారు. అవసరమైతే తానే వెళ్తానన్నారు. అన్నట్టే ఆ వయసులో ఓడెక్కి మూడోసారి తెలుగు దేశం వచ్చారు. రాజమండ్రి పని జనరల్ కౌన్సిల్ చేతికి వెళ్ళింది, గుంటూరు పని జనరల్ సినడ్ చేతిలో ఉండిపోయింది. దాదాపు అర్ధ శతాబ్దం పాటు తెలుగు లూథరన్లు ఎక్కడో జరిగిన తగవు వల్ల రెండు మిషన్లుగా బతికారు. 1918లో అమెరికాలో ఆ సంఘాలు ఏకమయ్యాక ఇక్కడా దారి సుగమమై, 1927లో ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది.

ఇందులో మనకో పాఠం ఉంది. సిద్ధాంతం కోసం నిలబడటం చిన్న విషయం కాదు. ఆ నిలబడినవారే రాజమండ్రిని ఆదుకున్నారు. కానీ పెద్దల తగవుకు మూల్యం చెల్లించేది తరచుగా ఆ తగవుతో సంబంధం లేని పల్లె విశ్వాసులే.

వారు దేనికి అంత పట్టుబడతారు?

సంప్రదాయ లూథరన్లలో ప్రపంచంలో ఎక్కువగా వినబడే పేరు మిస్సోరి సినడ్. దాని పుట్టుక కథ కూడా ఆరాధన క్రమానికి సంబంధించినదే. ప్రష్యా రాజు 1817లో లూథరన్, రిఫార్మ్డ్ సంఘాలను ఒక్కటి చేయబూనాడు. 1830 నాటికి అందరూ ఒకే ఆరాధన పుస్తకం వాడాలని ఒత్తిడి తెచ్చాడు. మనస్సాక్షి ఒప్పుకోని కాపరులు కొందరు చెరసాలకు వెళ్ళారు. కొందరు విశ్వాసులు దేశాలు విడిచిపోయారు. ఇలాంటి గాలే వీస్తుందని భయపడిన సాక్సనీ లూథరన్లు 1838లో బయలుదేరి 1839లో అమెరికాలోని మిస్సోరి చేరుకున్నారు. మరికొందరితో కలిసి 1847లో సినడ్‌గా ఏర్పడ్డారు. వీరి మిషన్ 1895లో మన పొరుగున, తెలుగువారు కూడా బాగా ఉన్న కృష్ణగిరి ప్రాంతంలో మొదలై ఇండియా ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా ఎదిగింది.

వారు గట్టిగా చెప్పే మాటల్లో మొదటిది ఆరాధన గురించి. ఆరాధనలో ముందు దేవుడు మనకు ఇస్తాడు, తరువాతే మనం ఆయనకు స్తుతి అర్పిస్తాం అంటారు. అందుకే వారి క్రమంలో పాపాల ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన, వాక్య పఠనం, విశ్వాస ప్రమాణం, ప్రసంగం, ప్రభువు బల్ల వరుసగా ఉంటాయి. కాపరికి ఆ ఉదయం ఉత్సాహం ఉన్నా లేకపోయినా, గాయకుడి గొంతు బాగున్నా బొంగురుపోయినా, వచ్చిన విశ్వాసి క్షమాపణ మాట వినకుండా ఇంటికి వెళ్ళడు. ఆలోచిస్తే ఇది పేదవాడికి గొప్ప భద్రత. వారమంతా పత్తి చేలలో వంగి పనిచేసి వచ్చిన తల్లి ఆ గంటసేపట్లో ఏమి వినాలో కాపరి మూడ్‌ను బట్టి నిర్ణయం కాకూడదు.

రెండోది ప్రసంగం గురించి. మనిషి పాపాన్ని ఎండగట్టే ధర్మశాస్త్రాన్నీ, పాపిని ఓదార్చే సువార్తనూ కలగాపులగం చేయకూడదంటారు. 1518లో హైడెల్‌బర్గ్ నగరంలో జరిగిన చర్చలో లూథర్ సిలువ వేదాంతాన్ని మహిమ వేదాంతం నుంచి వేరుచేసి చూపాడు. దేవుణ్ణి బలంలో, విజయంలో, సంపదలో వెదికేది మహిమ వేదాంతం. శ్రమపడి, అవమానం పొంది, సిలువపై వేలాడిన క్రీస్తులో దేవుణ్ణి కనుగొనేది సిలువ వేదాంతం. ఈనాడు టీవీల్లో, కూటాల్లో వినబడే ఐశ్వర్య సువార్తను సంప్రదాయ లూథరన్లు తిరస్కరించేది ఇందుకే. కానుక వేస్తే అప్పు తీరుతుంది, విశ్వాసం గట్టిదైతే రోగం రాదు అని చెప్పడం సులువు. పంట పోయిన రైతు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ బోధ విన్న తరువాత ఏమనుకుంటారు? తమ విశ్వాసమే చాలలేదని కుమిలిపోతారు. సిలువను దాచిన ప్రసంగం గాయపడినవాణ్ణి మళ్ళీ గాయపరుస్తుంది.

మూడోది ఇల్లు. 1528లో సాక్సనీ పల్లెల్లో సంఘాలను తనిఖీ చేసిన లూథర్ ప్రజలకు పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన కూడా రావని చూసి దుఃఖపడ్డాడు. మరుసటి ఏడు 1529లో చిన్న కేటకిజం రాశాడు. అది పాస్టర్లకు మాత్రమే కాదు, ఇంటి యజమాని తన పిల్లలకూ పనివాళ్ళకూ నేర్పడానికి రాసినది. లోయి నుంచి యునీకేకు, యునీకే నుంచి తిమోతికి విశ్వాసం అందిన తీరును పౌలు జ్ఞాపకం చేస్తాడు (2 తిమోతి 1:5). అదే దారి ఇది. సంప్రదాయ లూథరన్లు సాధారణంగా పిల్లలకు దీన్ని నేర్పిన తరువాతే ప్రభువు బల్లకు అనుమతిస్తారు.

మన పాలమూరుకు ఇది మరీ అవసరమైన మాట. మన పల్లెల నుంచి ఎందరో హైదరాబాదుకు, ముంబైకి, పుణెకు వలస వెళ్ళారు, వెళ్తున్నారు. కట్టుబడి పనుల దగ్గర గుడిసెలో ఉన్న కుటుంబానికి గుడి ఉండదు, పాస్టరు ఉండడు, సౌండు బాక్సులుండవు. అక్కడ మిగిలేది నోటికి వచ్చిన వాక్యం, నోటికి వచ్చిన ప్రార్థన, నోటికి వచ్చిన కీర్తన మాత్రమే. కంఠతా వచ్చిన విశ్వాసం బట్టల మూటతోపాటు వలస వెళ్తుంది. వేదిక మీద చూసి ఆనందించిన విశ్వాసం వేదిక దగ్గరే ఉండిపోతుంది. వారం వారం పాట మార్చుకుంటూ పోతే పిల్లవాడికి ఒక్క పాటైనా చివరిదాకా నోటికి వస్తుందా అని సంఘ పెద్దలు అడగడంలో తప్పులేదు.

పాతదంతా పవిత్రమా?

ఇంతవరకు చదివి మన పెద్దలు తల ఊపవచ్చు. అయితే లూథర్ చెప్పింది ఇక్కడితో ఆగలేదు. మనం పాతవి అనుకుంటున్నవన్నీ ఒకనాడు కొత్తవే. జనం అర్థంకాని లాటిన్‌లో విని వెళ్ళే రోజుల్లో ప్రజల భాషలో పాటలు రాయించినవాడు లూథర్. 1524లో వెలువడిన మొదటి లూథరన్ పాటల పుస్తకంలో ఉన్నవి ఎనిమిదే పాటలు. వాటిలో సగం ఆయనవే. అచ్చుయంత్రం ఆనాటి కొత్త సాధనం. ఆయన దాన్ని వాడుకున్నంతగా ఆ కాలంలో మరెవరూ వాడుకోలేదు. 1526లో జర్మన్ భాషలో ఆరాధన క్రమం ప్రచురించినప్పుడు కూడా దాన్ని ఎవరి మీదా ధర్మశాస్త్రంలా రుద్దవద్దని కోరాడు.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంగతీ అంతే. ఆ పుస్తకంలో పాట పాటకూ రాగం, తాళం పేర్లుంటాయి. పురుషోత్తమ చౌధరి వంటి కవులు విదేశీ బాణీలకు కట్టుబడకుండా ఈ నేల సంగీతంలో క్రీస్తును పాడారు. ఆ రోజుల్లో అది ఎంత సాహసమో ఆలోచించండి. ఈనాడు ఆ కీర్తనలే సంప్రదాయానికి గుర్తయ్యాయి. కనుక కొత్త పాట అనగానే ముఖం చిట్లించడం పాత కీర్తనకారులకే అన్యాయం చేయడం.

ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు ఏడో అధికరణం ఈ విషయంలో ఎంతో విశాలమైనది. సువార్త శుద్ధంగా బోధించబడి, సంస్కారాలు వాక్యానుసారం జరిగితే సంఘ ఐక్యతకు అది చాలు, మనుషులు ఏర్పరచిన ఆచారాలు అన్నిచోట్లా ఒకేలా ఉండనక్కర లేదు అన్నది దాని సారాంశం. అంగీ, గంట, కొవ్వొత్తులు, పాట బాణీ, వాయిద్యం, కూర్చునే తీరు, పండుగల పట్టిక అన్నీ ఈ కోవలోకే వస్తాయి. దేవుడు ఆజ్ఞాపించనివీ నిషేధించనివీ అయిన ఈ సంగతులను వేదాంతులు మధ్యస్థ విషయాలు అంటారు.

అయితే స్వేచ్ఛ ఉంది కదా అని ఒక్కరోజులో అన్నీ మార్చేయవచ్చా? 1521 చివర్లో లూథర్ ఊరిలో లేని సమయంలో విట్టెన్‌బర్గ్‌లో కార్ల్‌స్టాట్ అనే సహచరుడు తొందరపడి ఆరాధనను మార్చేశాడు. కొద్దివారాల్లో ఊరంతా అలజడి రేగింది. ప్రాణాపాయం లెక్కచేయకుండా లూథర్ తిరిగివచ్చి 1522 మార్చి 9 నుంచి ఎనిమిది రోజులు వరుసగా ప్రసంగించాడు. మార్పు సరైనదే కావచ్చు, కానీ బలహీనుడైన సహోదరుణ్ణి తొక్కుకుంటూ వెళ్ళే మార్పులో ప్రేమ లేదన్నది ఆయన వాదన. యువకులారా, ఈ మాట మీకు. కొత్త పాట నేర్పండి, కానీ ముందు వరుసలోని అవ్వకు ఒక్క ముక్కా అర్థంకాని శబ్దంతో కాదు. పెద్దలారా, మీకూ ఒక మాట. అవ్వ పేరు చెప్పి మీ అధికారాన్ని కాపాడుకోకండి.

చిన్నవి పెద్దవయ్యేదెప్పుడు?

అసలు కీలకం ఇక్కడుంది. 1547లో లూథరన్ రాజులను యుద్ధంలో ఓడించిన చక్రవర్తి 1548లో పాత ఆచారాలను తిరిగి రుద్దబోయాడు. ఇవి చిన్న సంగతులే కదా, ఒప్పుకుంటే ఏం పోయింది అని కొందరు రాజీపడ్డారు. ఫ్లాసియస్ వంటివారు ఒప్పుకోలేదు. చివరికి 1577లో లూథరన్లు తమ ఫార్ములా ఆఫ్ కాంకార్డ్ పదో అధికరణంలో తీర్పు చెప్పారు. మధ్యస్థ విషయాల్లో సంఘానికి స్వేచ్ఛ ఉంది. కానీ సువార్త సత్యమే పణంగా పెట్టబడినప్పుడు చిన్న విషయం చిన్నదిగా ఉండదు, అప్పుడు తలవంచకూడదు.

ఈ సూత్రం వారు పౌలు దగ్గర నేర్చుకున్నదే. యూదుల మధ్య సువార్త పనికి అడ్డు కాకూడదని పౌలు తిమోతికి సున్నతి చేయించాడు (అపొ. కార్యములు 16:3). రక్షణకు సున్నతి తప్పదని కొందరు పట్టుబట్టినప్పుడు అదే పౌలు తీతు విషయంలో ససేమిరా ఒప్పుకోలేదు (గలతీ 2:3-5). సున్నతి అదే, పౌలూ అతడే. ఒకచోట అది ప్రేమకోసం చేసిన పని, మరోచోట సువార్తకు వేసిన సంకెల. ఆ వెంటనే అంతియొకయలో జరిగినది చూడండి. పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్నవాడే, యెరూషలేము నుంచి కొందరు రాగానే లేచి వేరే కూర్చున్నాడు. పైకి చూస్తే అది భోజనాల బంతి సంగతి. పౌలుకు అది సువార్త సంగతి. అందరి ఎదుటే నిలదీశాడు (గలతీ 2:11-14).

ఇక్కడే మన దేశంలోని సంప్రదాయ లూథరన్ల చరిత్రలో ఒక చేదు పుట తిప్పవలసి ఉంది. పందొమ్మిదో శతాబ్దం నడుమ తమిళ దేశంలో పనిచేసిన లైప్జిగ్ మిషన్ సిద్ధాంతంలో గట్టిది, లూథరన్ ఒప్పుకోలును ప్రాణంగా చూసుకున్నది. కానీ దాని నాయకుడు కార్ల్ గ్రౌల్ కులాన్ని సామాజిక ఆచారంగా చూసి సహించాడు. కాలక్రమంలో సువార్త ప్రభావంతో అది కరుగుతుందనుకున్నాడు. మద్రాసులోని ఇతర మిషన్లు 1850లో కులం విడవనివారిని ప్రభువు బల్లకు అనుమతించరాదని తీర్మానిస్తే, లైప్జిగ్ వారు ఆ దారిలో నడవలేదు. కులాన్ని మధ్యస్థ విషయాల జాబితాలో చేర్చడమే వారు చేసిన పొరపాటు. సున్నతి విషయంలో, బంతి విషయంలో పౌలు చూపిన కన్ను అక్కడ మూసుకుపోయింది.

ఈ విషయాన్ని మనం దూరం నుంచి చూసి తీర్పు తీర్చలేం. తెలుగు నేల మీద లూథరన్, బాప్టిస్టు, మెన్నోనైట్ సంఘాలకు ప్రాణం పోసినవారిలో అత్యధికులు మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవారే. ఊరు దూరం పెట్టినవారిని ప్రభువు దగ్గరికి తీశాడు. అయినా ఈనాటికీ ఎన్నో తెలుగు పల్లెల్లో మాలలకొక గుడి, మాదిగలకొక గుడి ఉన్నాయి. ఒకే క్రీస్తు, ఒకే బైబిలు, కొన్నిచోట్ల ఒకే శాఖ పేరు. కానీ ఒకరి గుడిలో మరొకరు రొట్టె విరవరు. ఒకరి ఇంట్లో మరొకరు పిల్లనివ్వరు. పాట బాణీ గురించి గంటలకొద్దీ వాదించే సంఘ కమిటీలు ఈ గోడ గురించి ఎన్ని నిమిషాలు మాట్లాడుతున్నాయి? కొరింథులో ఉన్నవాళ్ళు కడుపునిండా తిని, లేనివాళ్ళు ఆకలితో కూర్చున్నప్పుడు, అది ప్రభువు బల్లే కాదని పౌలు తేల్చాడు (1 కొరింథీ 11:20-22). కీబోర్డు వల్ల ఏ సంఘమూ ప్రభువు బల్లను పోగొట్టుకోదు. కులం వల్ల పోగొట్టుకుంటుంది.

వివాహం, పిలుపు, లోకం

ఆధునిక సంస్కృతి విషయంలో సంప్రదాయ లూథరన్లు నేడు ఎక్కువగా వాదించేది వివాహం గురించి, స్త్రీల సేవ గురించి. మిస్సోరి సినడ్ స్త్రీలకు పాస్టరు అభిషేకం ఇవ్వదు. లాత్వియా లూథరన్ సంఘం 2016లో అదే నిర్ణయాన్ని తన నియమావళిలో చేర్చింది. మరోవైపు లూథరన్ ప్రపంచ సమాఖ్యలోని అనేక సంఘాలు వాక్యాన్నే ఆధారం చేసుకుని స్త్రీలను అభిషేకిస్తున్నాయి. వివాహం విషయంలో అమెరికాలోని పెద్ద లూథరన్ సంఘం 2009లో తీసుకున్న నిర్ణయం స్వలింగ సహజీవనంలో ఉన్నవారికి కూడా కాపరి పదవిని తెరిచింది. సంప్రదాయవాదులు దాన్ని వాక్యాన్ని విడిచిపెట్టడంగా చూశారు. అనేకులు ఆ సంఘం నుంచి బయటికి వచ్చారు. ఈ చర్చల్లో తీర్పు చెప్పడం ఇక్కడ మన ఉద్దేశం కాదు. లోకం మారింది గనుక మనమూ మారాలి అన్నది సంఘానికి చాలినంత కారణం కాదని వారు చేసే హెచ్చరికను మాత్రం గౌరవించాలి.

అయితే ఆ హెచ్చరిక రెండువైపులా పదునున్న కత్తి. పడమటి దేశాల సంస్కృతి మనల్ని చెడగొడుతుందని మైకులో హెచ్చరించే మనం, మన ఊరి సంస్కృతి మనల్ని ఎంత చెడగొట్టిందో చూసుకుంటున్నామా? వరకట్నాన్ని చట్టం 1961లోనే నిషేధించింది. క్రైస్తవ కుటుంబాల్లో కట్నం మాట లేకుండా జరిగే పెళ్ళిళ్ళు ఎన్ని? ప్రార్థనతో మొదలై బేరంతో ముగిసే సంబంధాలకు ఏ సంఘకాపరి అభ్యంతరం చెబుతున్నాడు? వివాహం దేవుడు నియమించినదని నమ్మేవారు దాన్ని సంతబేరం కానివ్వకూడదు. లోకానికి అనుగుణం కావద్దన్న పౌలు మాట (రోమా 12:2) అమెరికా లోకానికే కాదు, మన వీధిలోని లోకానికీ వర్తిస్తుంది.

లోకం పట్ల లూథర్ నేర్పిన మరో మంచి సంగతి పిలుపు. పాస్టరు పని మాత్రమే పవిత్రమైనది కాదు, చెప్పులు కుట్టేవాడి పని, పాలు పితికే స్త్రీ పని కూడా పొరుగువాడికి సేవ గనుక దేవుని పిలుపే అని ఆయన బోధించాడు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడి స్త్రీలకు వైద్యం చేస్తూ తన జీవితం ధారపోశారు. ఆమె పులిపీఠం ఎక్కలేదు, మంచం పక్కన నిలబడ్డారు. గద్వాల మగ్గం మీద చీర నేసేవారు, విత్తన పత్తి చేలలో పనిచేసేవారు, బడిలో పాఠం చెప్పేవారు తమ పనిని ఇలా చూడగలిగితే ఆదివారం ఆరాధన సోమవారం ఉదయానికి ఆరిపోదు.

సంఘ పెద్దలు వేసుకోవలసిన ప్రశ్నలు

పాత క్రమం ఉన్నంత మాత్రాన సంఘం నిలబడదని కూడా చెప్పాలి. అందమైన ఆరాధన పుస్తకాలున్న పాత సంఘాలు కొన్ని ఆస్తుల తగాదాలతో, ఎన్నికల గొడవలతో కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి. ప్రతి ఆదివారం పాపాల ఒప్పుకోలు చదివి, సోమవారం వాయిదాకు వెళ్ళేవారిని చూసి యువకులు దూరమైతే వారిని నిందించి లాభం లేదు. నోటితో కాపాడిన సంప్రదాయాన్ని నడతతో పోగొట్టుకుంటున్నాం.

కనుక మీ సంఘంలో ఏదైనా మార్చాలనుకున్నప్పుడు, లేక మార్చకూడదని పట్టుబట్టినప్పుడు, ముందుగా కలిసి కూర్చోండి. ఇది దేవుడు ఆజ్ఞాపించినదా, మనం ఏర్పరచుకున్నదా? దీనివల్ల క్రీస్తు మరింత స్పష్టంగా కనబడతాడా, మరుగున పడతాడా? పాపికి క్షమాపణ మాట వినబడుతుందా? పిల్లలకు వాక్యం కంఠతా వస్తుందా? బలహీనుడు, చదువురానివాడు, వృద్ధురాలు ఇందులో పాలుపంచుకోగలరా? దీనివల్ల ప్రభువు బల్ల దగ్గర మనం దగ్గరవుతామా, దూరమవుతామా? ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం తగవులు అక్కడే తీరిపోతాయి. సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమని అపొస్తలుడు చెప్పింది (1 థెస్స 5:21) పాతవారికీ, కొత్తవారికీ కూడా.

పాటల విషయంలో ఒకరికొకరు లోబడదాం. ఒక ఆదివారం పెద్దల కీర్తన యువకులు నేర్చుకోనీ, మరో ఆదివారం యువకుల పాటకు పెద్దలు తాళం వేయనీ. అందులో ఎవరి విశ్వాసమూ తరిగిపోదు. కానీ సిలువను దాచే బోధకు, ధనాన్ని చూపే సువార్తకు, సహోదరుణ్ణి వేరే బంతిలో కూర్చోబెట్టే కులానికి మాత్రం, ఎంత పాతవైనా ఎంత కొత్తవైనా, ఒక్క అంగుళమైనా చోటివ్వవద్దు. రొట్టె ఒక్కటే గనుక అనేకులమైన మనం ఒకే శరీరమని పౌలు నేర్పాడు (1 కొరింథీ 10:17). ఆ ఒక్క రొట్టె దగ్గరికి ఊరంతా కలిసి వచ్చే సంఘంగా ప్రభువు మనల్ని కట్టును గాక!